మిక్సీ పురాణం

పోయిన నెలలో ఒక శనివారం పొద్దున్నే మా ఇంట్లో మిక్సీ ఆగిపోయింది. కందిపచ్చడి సగంలో ఉంది. ముందు చిన్న మూలుగు, ఆ తర్వాత కాలిన వాసన, ఆ తర్వాత నిశ్శబ్దం. అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కి చూశాను. కాసేపు చల్లారనిచ్చి మళ్ళీ నొక్కి చూశాను. ఊహూఁ. పంతొమ్మిదేళ్ళ కిందట హైదరాబాదులో కొని, తువ్వాళ్ళలో చుట్టి, సూట్‌కేసులో ఫ్రాంక్‌ఫర్ట్ దాకా మోసుకొచ్చిన మిక్సీ అది. అప్పుడు కస్టమ్స్ ఆయన పెట్టె తెరిపించి, మూడు స్టీలు జార్లనీ అటూ ఇటూ తిప్పి చూసి, "మీకు ఇక్కడ దొరకవా ఇవి?" అని అడిగాడు. దొరుకుతాయి గానీ ఇవి కాదు అని చెప్పడానికి నా జర్మన్ అప్పట్లో సరిపోలేదు.

ఆ సాయంత్రమే ఇంట్లో సభ జరిగింది. "ఈసారి ఇక్కడిదే మంచిది కొనండి నాన్నా. తరగడం, కలపడం, వండటం అన్నీ అదే చేసేస్తుంది" అంది మా అమ్మాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. నేను మాత్రం అలవాటు ప్రకారం లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాను. పాతికేళ్ళుగా ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో కంపెనీలకి సలహాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి, ఒక మిక్సీ ఎంచుకోలేనా? ఎన్ని వాట్లు, ఎన్ని జార్లు, ఎంత బరువు, ధర, వారంటీ, ఎంత చప్పుడు అని పదకొండు కాలమ్స్ వేశాను. ఒక్కో దానికీ ఇంత వెయిటేజీ అని పెట్టి, కింద మొత్తం మార్కులు కూడా వచ్చేలా ఫార్ములా రాశాను.

మూడో రోజు రాత్రి మా ఆవిడ నా భుజం మీదుగా ఆ షీట్ చూసి, "అన్నీ బానే ఉన్నాయి గానీ, కందిపచ్చడి కాలమ్ ఏదీ?" అంది.

నవ్వేసి ఊరుకున్నాను. కానీ పడుకున్నాక ఆ మాట వదల్లేదు. ఈ యంత్రాల చరిత్ర నాకు అప్పటికే కొంచెం తెలుసు. ఆ తర్వాత ఇంకొంచెం చదివాను. చదివేకొద్దీ మా ఆవిడ అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ముందు నా పాత పాపం ఒకటి చెప్పుకోవాలి.

నేను జర్మనీ వచ్చింది 2001 మొదట్లో. 2000 ఆగస్టు 1 నుంచి జర్మనీ 'గ్రీన్ కార్డ్' అని ఒక పథకం మొదలుపెట్టింది. పేరు అమెరికాదే గానీ సరుకు వేరు. ఇరవైవేల మంది కంప్యూటర్ నిపుణుల్ని తెచ్చుకుందామని, ఒక్కొక్కరికీ మహా అయితే అయిదేళ్ళు అని లెక్క. ఇండియా నుంచి మాలాంటి వాళ్ళం కొంతమందిమి ఆ తలుపులోంచే లోపలికొచ్చాం. మొదట్లో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకున్నాను. పక్క గదిలో ఒక జర్మన్ కుర్రాడు, యూనివర్సిటీలో చదువుకునేవాడు. వంటిల్లు ఇద్దరికీ ఒకటే. అతని దగ్గర గాజు జార్ ఉన్న ఒక అందమైన బ్లెండర్ ఉండేది. కంపెనీ పేరు అనవసరం, తప్పు దానిది కాదు. పొద్దున్నే అరటిపండు, పాలు వేసి గుర్రుమనిపించి తాగేసి వెళ్ళిపోయేవాడు.

రెండు నెలలు బ్రెడ్డు తిన్నాక నాకు దోసెల మీద మనసుపోయింది. ఏషియన్ షాపులో మినప్పప్పు దొరికింది. నానబోశాను. అతన్ని అడిగే బ్లెండర్ తీసుకున్నాను. ఏమాటకామాటే, దొంగతనం చెయ్యలేదు. పప్పు వేసి, నీళ్ళు ఎక్కువైతే పిండి జారైపోతుందని రెండు చెంచాలే పోసి స్విచ్ వేశాను. రెండో నిమిషంలో అది కూడా మొన్న మా మిక్సీ మూలిగినట్టే మూలిగింది. ఎనభై మార్కులు కట్టాను. అప్పటికింకా యూరో నోట్లు రాలేదు. ఆ కుర్రాడు మంచివాడు, కోప్పడలేదు. "ఇంతకీ ఏం రుబ్బుతున్నావు?" అని మాత్రం అడిగాడు. పప్పు అని చెప్పి చూపించాను. కాసేపు చూసి, "నేను కంకర అనుకున్నాను" అన్నాడు.

తర్వాత ఆ బ్లెండర్‌ని తలకిందులు చేసి చూస్తే అడుగున రేకు మీద 'కె.బి. 1 నిమిషం' అని ఉంది. కె.బి. అంటే 'కుర్ట్స్‌బెట్రీబ్', అంటే తక్కువసేపు నడిపే యంత్రం అన్నమాట. ఒక్క నిమిషం నడిపి ఆపాలి, చల్లారాక మళ్ళీ నడపాలి. ఆ రేకు సంగతి తెలియక ఎన్ని దేశాల్లో ఎంతమంది తెలుగువాళ్ళు ఎన్ని బ్లెండర్లు తగలబెట్టి ఉంటారో!

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. వంటింటి యంత్రాలన్నీ ఒకే జాతి అనుకుంటాం గానీ, ఒక్కోదాని పుట్టుక వెతికితే ఒక్కో వంటకం కనబడుతుంది.

బ్లెండర్ అమెరికాలో పుట్టింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో రసీన్ అనే ఊరు ఉంది. మన చిన్నప్పటి హార్లిక్స్ ఉంది చూశారూ, దాన్ని మొదలుపెట్టిన హార్లిక్ సోదరుల ఫ్యాక్టరీ ఆ ఊళ్ళోనే ఉండేది. ఆ మాల్టెడ్ మిల్క్‌ని సోడా దుకాణాల్లో గ్లాసులకొద్దీ కలిపి అమ్మేవాళ్ళు. ఆ కలపడం కోసమే స్టీఫెన్ పోప్లావ్‌స్కీ అనే ఆయన అదే ఊళ్ళో, పాత్ర అడుగున తిరిగే బ్లేడు ఉన్న యంత్రాన్ని తయారుచేసి 1922లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత 1937లో ఫ్రెడ్ వేరింగ్ అనే బ్యాండు మేళం నాయకుడు తన పేరు మీద అలాంటిదే బజారులోకి తెచ్చి కాక్‌టెయిళ్ళకి అలవాటు చేశాడు. అంటే బ్లెండర్ పుట్టింది పానీయం కోసం. దానికి నీళ్ళుండాలి. నా మినప్పప్పు పోట్లాడింది ఈ వంశంతోనే.

ఫుడ్ ప్రాసెసర్ ఫ్రాన్స్‌ది. పియెర్ వెర్డన్ అనే ఆయన హోటళ్ళకి సామాన్లు అమ్ముకునేవాడు. ఆ వంటశాలల్లో మనుషులు గంటలకొద్దీ తరగడం, కొయ్యడం చూసి 1960లలో 'రోబో కూప్' తయారుచేశాడు. అమెరికన్ ఇంజనీరు కార్ల్ సోంటైమర్ దాన్ని 1971లో పారిస్‌లో ఒక ప్రదర్శనలో చూసి ముచ్చటపడి, ఇళ్ళకి సరిపడేలా మార్పులు చేయించి, 1973లో కుయిజినార్ట్ పేరుతో అమెరికాలో అమ్మకానికి పెట్టాడు. వెడల్పాటి గిన్నె, పళ్ళేల్లాంటి బ్లేడ్లు. దాని పని తరగడం. కూరగాయలకి బ్రహ్మాండం.

జర్మనీలో 'క్యుషెన్‌మషీనె', అంటే వంటింటి యంత్రం అన్న మాట వింటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పిండి కలిపే యంత్రం. బోష్ కంపెనీ 1952లో ఇళ్ళకి తెచ్చిన వంటింటి యంత్రం ఈ జాతిదే. రొట్టె, కేకు లేకపోతే జర్మన్ ఇంట్లో ఆదివారం గడవదు కదా. మన అరిసెల పాకంలో పిండి కలపడం ఎంత కష్టమో వాళ్ళకి రొట్టెల పిండి మర్దించడం అంత కష్టం. ఆ చెయ్యి నొప్పికి మందు ఈ యంత్రం.

ఇక మా అమ్మాయి చెప్పిన, వండే యంత్రం. ఫోర్‌వెర్క్ అని 1883లో వుప్పర్‌టాల్‌లో తివాచీల తయారీతో మొదలైన కంపెనీ అది. ఇంటింటికీ తిరిగి వాక్యూమ్ క్లీనర్లు అమ్మి పేరు తెచ్చుకుంది. 1971లో వి.ఎం. 2000 అని మొదటి థెర్మోమిక్స్‌ని తెచ్చింది. దాని మూలం చిక్కటి సూపు. ఫ్రెంచి వాళ్ళు కూరముక్కలు ఉడకబెట్టి, మెత్తగా చేసి తాగుతారు. ఉడకబెట్టడం ఒక గిన్నెలో, మెత్తగా చెయ్యడం ఇంకో దాంట్లో ఎందుకు, రెండూ ఒకదాంట్లోనే అయితే పోదా అన్న ఆలోచనలోంచి వచ్చింది. ఇప్పుడది తెరలూ, ఇంటర్నెట్టూ, వెయ్యి యూరోలు దాటిన ధరా ఉన్న పెద్ద మనిషి అయిపోయింది గానీ, లోపల ఇప్పటికీ ఆ సూపు ఉంది.

మాల్టెడ్ పాలు, కూరగాయల తరుగు, రొట్టెల పిండి, సూపు. మరి కందిపచ్చడి ఎక్కడ?

కందిపచ్చడి దగ్గరికి వెళ్ళాలంటే మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక కంపెనీ నుంచి బయల్దేరాలి. మాక్స్ బ్రౌన్ 1921లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చిన్న వర్క్‌షాపుగా పెట్టిన కంపెనీ బ్రౌన్. రేడియోలు, షేవర్లతో పాటు 1950లో 'మల్టీమిక్స్' అనే మిక్సర్ తెచ్చింది. ఆయన పోయాక కొడుకులు దాన్ని డిజైన్‌కి పేరుపడ్డ కంపెనీగా మార్చారు. 1957లో గెర్డ్ ఆల్‌ఫ్రెడ్ మ్యుల్లర్ డిజైన్ చేసిన కె.ఎం. 3 అనే వంటింటి యంత్రం న్యూయార్క్‌లో ఆధునిక కళల మ్యూజియం సేకరణలో ఉంది. మా ఊరి నుంచి ఎస్4 రైలెక్కితే ఆఖరి స్టేషన్ క్రోన్‌బెర్గ్, ఆ కంపెనీ ఉన్న ఊరు అదే. నున్నగా, తెల్లగా, ఒక్క గీత ఎక్కువ లేకుండా ఉంటాయి ఆనాటి బ్రౌన్ వస్తువులు. చూస్తే ముట్టుకోబుద్ధేస్తుంది. పసుపుకొమ్ములు వెయ్యబుద్ధి మాత్రం కాదు.

1960ల మొదట్లో బొంబాయిలో మాధురీ మాథుర్ అనే ఆవిడ ఇంట్లో ఒక బ్రౌన్ మిక్సర్ ఉండేది. మన వంటకి వాడింది. మోటారు కాలిపోయింది. బాగుచేయించుకుందామంటే ఇండియాలో దిక్కులేదు. విదేశీ వస్తువుకి స్పేర్‌పార్టు తెప్పించుకోవడమంటే ఆ రోజుల్లో మాటలా! ఆవిడ భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజనీరు. అందులోనూ సీమెన్స్‌లో, అంటే ఇంకో జర్మన్ కంపెనీలో ఉద్యోగం. ఇంట్లో అంత ఇంజనీరుని పెట్టుకుని నాకీ పాట్లేమిటి, మన వంటకి తట్టుకునేది ఒకటి మీరే చేసిపెట్టొచ్చుగా అన్నది ఆవిడ పట్టు. ఆయన ఆ మాటని నవ్వేసి ఊరుకోలేదు. (నేను మా ఆవిడ మాటకి ఏం చేశానో పైన చెప్పాను.) 1963లో ఇంకొందరితో కలిసి 'పవర్ కంట్రోల్ అండ్ అప్లయన్సెస్' అనే కంపెనీ పెట్టాడు. అందులోంచి వచ్చిందే సుమీత్. పేరుకి అర్థం మంచి స్నేహితుడు.

మన ఇళ్ళల్లో ఆ పేరు ఎంత నాటుకుందంటే, ఏ కంపెనీదైనా 'సుమీత్' అనే అనేవాళ్ళు కొన్నాళ్ళు. ఆ తర్వాత దారి పడింది కదా, మద్రాసులో 1978లో ప్రీతి వచ్చింది, ఇంకా చాలా వచ్చాయి. 2011లో ప్రీతిని ఫిలిప్స్ కొనేసింది. కాలిపోయిన యూరప్ మిక్సర్‌తో మొదలైన కథలో, మన మిక్సీని యూరప్ కంపెనీ డబ్బిచ్చి కొనుక్కోవడం దాకా వచ్చిందన్నమాట. అదే ఏడాది తమిళనాడులో జయలలిత ప్రభుత్వం రేషన్ కార్డు ఉన్న ఆడవాళ్ళకి మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఓట్ల కోసమే అనుకోండి, అయినా మిక్సీని బియ్యం వరసలో పెట్టిన రోజు అది.

ఇంతకీ మాథుర్ ఏం మార్చాడు? ఇక్కడ కొంచెం మోటారు సంగతి చెప్పాలి, విసుక్కోకండి.

ఈ యంత్రాలన్నిట్లో ఉండేది యూనివర్సల్ మోటారు. చిన్నదిగా ఉండి చాలా వేగంగా తిరుగుతుంది. ఖాళీగా ఉంటే నిమిషానికి 18,000 చుట్లు మామూలే. లెక్కేసుకోండి: ఏడు సెంటీమీటర్ల బ్లేడు ఆ వేగంతో తిరిగితే దాని కొస గంటకి దాదాపు 237 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. ఇక్కడి ఆటోబాన్ మీద కూడా అంత జోరుగా పోయేవాళ్ళు తక్కువ. కానీ వేగం గొప్ప కాదు, బరువు పడ్డప్పుడు ఏమవుతుందన్నదే అసలు పరీక్ష. ముద్ద గట్టిపడి బ్లేడుని పట్టేస్తే మోటారు నెమ్మదిస్తుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. కరెంటు రెండింతలైతే తీగల్లో వేడి నాలుగింతలవుతుంది. పైగా చల్లబరిచే ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి, గాలి ఎక్కువ కావాల్సినప్పుడే తక్కువ వస్తుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

అందుకని మన మిక్సీకి పెట్టాల్సింది ముందు దమ్మున్న మోటారు. సుమీత్‌కి 500 నుంచి 600 వాట్ల మోటారు పెట్టారని చెప్తారు. తర్వాత, అడుగుకి ఆనుకుని తిరిగే బ్లేడు. పాశ్చాత్య బ్లెండర్లలో బ్లేడు కొమ్ములు పైకి లేచి ఉంటాయి, నీళ్ళని సుడి తిప్పడానికి. మనకి అడుగున కూర్చున్న ముద్ద కదలాలి. తర్వాత, గాజు బదులు స్టీలు జారు, అందులోనూ చట్నీకి చిన్నది విడిగా. తర్వాత, ఎక్కువసేపు నడవగలగడం. మా మిక్సీ అడుగున రేకు మీద 30 నిమిషాలు అని ఉంది, అయిదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపుతూ. నా రూమ్మేట్ బ్లెండర్ మీద ఒక్క నిమిషం. రెండిటికీ మధ్య ఉన్న తేడా ఇంజనీర్ల తెలివిలో లేదు. ఒకరికి అరటిపండు చెప్పారు, ఇంకొకరికి కందిపప్పు చెప్పారు.

చెప్పిందెవరు? ఈ కథలో నాకు నచ్చినది అదే. అక్కడ చెప్పింది రుబ్బే మనిషి.

మా ఇంట్లోనూ రుబ్బే మనిషి ఉండేది. మా అమ్మ. తెనాలిలో మా పెరటి వసారాలో రుబ్బురోలు నేలలో పాతి ఉండేది. ఏడుగురం మనుషులం. ఇడ్లీకో గారెలకో పప్పు నానేస్తే సాయంత్రం గంటకి పైగా పొత్రం తిప్పాల్సిందే. రోలు అరిగి నున్నబడితే ఉలి పట్టుకుని వీధులెంట వచ్చేవాళ్ళ చేత గాట్లు పెట్టించేది. మిక్సీ కొందామని అమ్మ అడగ్గా నాకు గుర్తే, ఒకసారి కాదు. నాన్నగారికి డబ్బు లేక కాదు. "రోటి పచ్చడి రుచి ఆ డబ్బాలో వస్తుందా?" అనేవారు. ఏడుగురిలో ఆరుగురం అవునవునని తల ఊపేవాళ్ళం. అమ్మ భుజం పట్టేసి, డాక్టరు చెప్పాక, 1988లో మిక్సీ వచ్చింది.

రుచి విషయంలో నాన్నగారి మాటలో నిజం లేకపోలేదు. రాయి నలుపుతుంది, బ్లేడు కోస్తుంది. నలిగినదాంట్లోంచి నూనె, వాసన బయటికొస్తాయి. బ్లేడు వేగానికి ముద్ద వేడెక్కుతుంది కూడా. ఇడ్లీ పిండికి ఆ వేడి మంచిది కాదనే మిక్సీ వచ్చినా రాళ్ళ గ్రైండరు పోలేదు. దాన్ని కోయంబత్తూరులో 1955లో పి. సభాపతి అనే ఆయన తయారుచేశాడు. ఇప్పుడు కోయంబత్తూరు వెట్ గ్రైండరుకి మన తిరుపతి లడ్డుకున్నట్టే భౌగోళిక గుర్తింపు ఉంది. కాబట్టి రాయి గొప్పదే. రాయి తిప్పేదెవరన్నదే ప్రశ్న.

ఒకసారి ఇక్కణ్ణుంచి ఫోన్లో, వేడన్నంలో పచ్చడి కలుపుకుంటూ ఊరి మీద బెంగతో, "ఎంతైనా రోటి పచ్చడి రుచే వేరమ్మా" అన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆగి, "రుచి మీదిరా, రెక్కలు నావి" అంది.

ఆ తర్వాత ఆ రుచి గురించి నేను అమ్మ దగ్గర ఎత్తలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఈ విషయంలో ఒక పెద్ద పేరుంది. 1926లో మార్గరెటె ష్యుట్టె-లిహొట్‌స్కీ అనే ఆర్కిటెక్టు ఈ ఊళ్ళో కొత్తగా కడుతున్న ఇళ్ళ కోసం ఒక వంటిల్లు డిజైన్ చేసింది. ఆడమనిషి వంటింట్లో ఎన్ని అడుగులు నడుస్తోంది, ఏ పనికి ఎంతసేపు పడుతోంది అని లెక్కలు చూసి, రైళ్ళలో భోజనం బోగీల వంటిల్లు ఎంత ఇరుకులో ఎంత పని చేస్తుందో గమనించి, సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవులో అన్నీ చేతికందేలా అమర్చింది. అలాంటివి పదివేల దాకా కట్టారు. ఇప్పుడు మనందరి అపార్ట్‌మెంట్లలో ఉండే గట్టూ, అరలూ దాని సంతానమే. ఇది చదివినప్పుడు, మా తెనాలి వసారాలో అమ్మ అడుగులు ఎవరైనా లెక్కపెట్టారా అనిపించింది. ఆ వంటింట్లో లోటు లేకపోలేదు. ఒక్క మనిషికే సరిపోయే చోటు కాబట్టి ఆ ఒక్క మనిషీ ఆడదే అయి, ఒంటరిదైపోయిందని తర్వాత వాళ్ళు విమర్శించారు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో రాసిన పుస్తకంలో ఇంకో మాట అంటుంది: యంత్రాలు వచ్చాక ఇంటిపని తగ్గలేదు, ఇంట్లోవాళ్ళ ఆశలు పెరిగాయి. నిజమే. మా ఇంట్లో మిక్సీ వచ్చాక వారానికి రెండు పచ్చళ్ళు కాస్తా రోజుకొకటయ్యాయి. అమ్మకి భుజం నొప్పి తగ్గింది, పని తగ్గలేదు.

సరే, కొనాలనుకుంటున్న వాళ్ళ కోసం నాకు తెలిసింది నాలుగు ముక్కల్లో. ఇండియాలోనూ జర్మనీలోనూ కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి మన మిక్సీ ఇక్కడ హాయిగా నడుస్తుంది. అమెరికా వాళ్ళకి ఆ భాగ్యం లేదు, వాళ్ళు 110 వోల్టులది విడిగా కొనుక్కోవాలి. ప్లగ్గుకి అడాప్టరు కొనేటప్పుడు మాత్రం ఎర్త్ కలిసేది చూసుకోండి, చవకవాటిలో చాలావాటికి కలవదు. మీది రొట్టెలూ కేకులూ ఎక్కువ ఉండే ఇల్లయితే ఇక్కడి పిండి యంత్రానికి మించింది లేదు. కూరలు తరిగే ఓపిక లేకపోతే ఫుడ్ ప్రాసెసర్. పెద్ద గిన్నె యంత్రాల్లో రెండు చెంచాల అల్లంవెల్లుల్లి ముద్ద చేద్దామంటే అది గోడలకి అంటుకుపోతుంది, బ్లేడుకి అందదు. రేకు మీద వాట్లతో పాటు నిమిషాలు కూడా చదవండి. అన్నిటికంటే ముందు, వారంలో ఎక్కువసార్లు చేసే వంటకం ఏదో, అది చేసేది ఎవరో రాసుకోండి. కొనేది ఆ చేసే మనిషే అయితే ఇంకా మంచిది.

చప్పుడు సంగతి మర్చిపోయాను. మిక్సీ 80 డెసిబెల్స్ దాటడం మామూలే. జర్మనీలో ఆదివారం విశ్రాంతి రోజని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోనే రాసుకున్నారు, 1949 రాజ్యాంగంలోకి కూడా ఆ అధికరణాన్ని అలాగే తెచ్చుకున్నారు. అందులో మిక్సీ మాట లేదు గానీ, మా కింది ఫ్లాటు పెద్దావిడ దృష్టిలో ఉంది. పిండీ, పొడులూ శనివారమే కానిచ్చేస్తాం.

ఇంతకీ మా మిక్సీ ఏమైందంటారా?

ఎక్సెల్ షీట్ మూసేశాను. మా పేటలో నెలకోసారి రిపేర్ కెఫే పెడతారు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా అనే జర్నలిస్టు మొదలుపెట్టింది, ఇప్పుడు జర్మనీలో ఊరూరా ఉన్నాయి. పాడైన వస్తువు తీసుకెళ్తే చేతనైనవాళ్ళు మనతో కూర్చుని ఊరికే బాగుచేస్తారు. అక్కడ ఒక రిటైరైన పెద్దాయన మా మిక్సీ విప్పాడు. వైండింగ్ కాలలేదట. కార్బన్ బ్రష్షులు పూర్తిగా అరిగిపోయి నిప్పురవ్వలొచ్చాయి, ఆ వాసన దానిది. ఇండియా బ్రష్షులు ఇక్కడెక్కడ దొరుకుతాయని నీరసపడ్డాను. ఆయన తన డబ్బాలోంచి వేరే యంత్రానివి తీసి, ఆకురాయితో రుద్ది, మధ్యమధ్య పెట్టి చూసుకుంటూ, అరగంటలో సరిపోయేలా చేశాడు. ఆ అరగంటలో ఆయనకి బొంబాయిలో కాలిపోయిన జర్మన్ మిక్సర్ కథ చెప్పాను. అప్పుడు దాన్ని బాగుచేసేవాళ్ళు అక్కడ దొరకలేదని కూడా చెప్పాను. ఆయన మిక్సీని పక్కకి తిప్పి అడుగున రేకు చదివాడు. "ముప్పై నిమిషాలా?" అని, "ఏం రుబ్బుతారు మీరు, కంకరా?" అన్నాడు.

ఇంటికి తెచ్చి గట్టు మీద పెట్టాను. మా ఆవిడ వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, చింతపండు ఉన్న పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. "పదకొండు కాలమ్స్ వేశారుగా, కానివ్వండి" అంది.

అప్పట్నుంచీ మా ఇంట్లో శనివారం పచ్చడి నాది. ఈ మాట అమ్మకి ఫోన్లో చెప్తే చాలాసేపు నవ్వి, "భుజం నొప్పి పుడుతోందా?" అని అడిగింది. లేదమ్మా, మిక్సీయే కదా అన్నాను. "అదృష్టవంతుడివి" అంది.